యుక్కా కుండీల్లో తడి

“ఇంట్లో దొంగ ఉండాడని తెలిసీ ఊరకుండేది శాంతమా అయ్యా, చేతగానితనమా?”

గుట్టకింద మఠంలో ఒక పొద్దున ఓబులేసు తన గురువును అడిగిన ప్రశ్న ఇది. ఓబులేసు ఆ మఠానికి పెద్ద శిష్యుడు. మీసాలు నల్లగా ఉన్నప్పుడు వచ్చి, అవి తెల్లబడేదాకా అక్కడే ఉండిపోయినవాడు. కొట్టుగది తాళాలు ఎప్పుడూ అతని మొలలోనే ఉంటాయి. తాళం చేతికొచ్చినవాడికి ప్రతి తలుపూ అనుమానంగానే కనిపిస్తుందంటారు. ఓబులేసు విషయంలో అది అక్షరాలా నిజం.

గురువు పేరు విరూపాక్షయ్య. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన అయ్యవారు. పొద్దున్నే వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని వచ్చినవాళ్ల కష్టం వినడం ఆయన పని. విన్నాక ఉపన్యాసం చెప్పేవారు కాదు. ఎవరు ఏ ఫిర్యాదు తెచ్చినా ముందుగా ఒకే మాట అడిగేవారు: “అప్పుడు నీ చేతిలో ఏముండె?” ఎద్దు పొడిచిందని వచ్చినవాణ్ణీ అదే అడిగారు, పెళ్లాం అలిగి పుట్టింటికి పోయిందని వచ్చినవాణ్ణీ అదే అడిగారు. ఎద్దు సంగతిలో అడగ్గా అడగ్గా ఒక ముల్లుకర్ర బయటపడింది. పెళ్లాం సంగతిలో ఏం బయటపడిందో ఆ మొగుడు ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. మఠంలోవాళ్లు చాటుగా ఈ అలవాటును అనుకరించి నవ్వుకునేవాళ్లు. వంట చేసే గంగులమ్మయితే చారు పొంగిపోయినప్పుడల్లా “గంగులూ, అప్పుడు నీ చేతిలో ఏముండె?” అని తనను తానే నిలదీసుకునేది.

ఆ పొద్దున కూడా అయ్యవారు శాంతం గురించి గానీ చేతగానితనం గురించి గానీ మాట్లాడలేదు. “ఇప్పుడు నీ చేతిలో ఏముండాది ఓబులేసూ?” అన్నారు.

“తాళాలు అయ్యా.”

“సరే,” అని కళ్లు మూసుకున్నారు.

ఓబులేసుకు ఒళ్లు మండింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే అర్థం చేసుకోవచ్చు, పట్టి చూపిస్తామన్నా కళ్లు మూసుకుంటే ఎలా? అతని దృష్టిలో దొంగ ఎవరో ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఆ దొంగ చేసే పని ఎలా చేస్తున్నాడన్నదే.

అసలు సంగతి వరండా మెట్ల పక్కన వరసగా పెట్టిన సిమెంటు కుండీల్లో ఉంది. ఆ కుండీల్లో ఉన్నవి యుక్కా మొక్కలు. మనిషి చేయంత లావున బూడిదరంగు కాండం, దాని నెత్తిన నాలుగు వైపులా విచ్చుకున్న కత్తుల్లాంటి ఆకులు. కడియంలో మొక్కల తోట నడిపే కాత్యాయని గారు ఏదో మొక్కు చెల్లించుకోవడానికి వ్యాన్‌లో తెచ్చి ఇచ్చి వెళ్లారు. అనంతపురం జిల్లాలో ఆ గుట్టకింద నేల ఎలాంటిదంటే, ఆకాశం వైపు చూసి చూసి మనుషుల మెడలు నొప్పి పుట్టాలే గానీ చినుకు పడదు. మఠం వెనక, పెరడు దాటి దూరంగా ఉన్న ఒక ముసలి మారేడు చెట్టు తప్ప పచ్చనిదంటూ లేదు. అలాంటిచోట వరండా ముందర ఆ కత్తుల పచ్చదనం చూసి అయ్యవారు పసిపిల్లవాడిలా సంబరపడ్డారు. “తక్కువతో బతికేది. మన జాతిదేనప్పా,” అన్నారు.

కాత్యాయని గారు వెళ్లేముందు ఓబులేసును కుండీల దగ్గరికి పిలిచి మరీ చెప్పారు. “ఇది ఎండకి చావదండీ, నీళ్లకి చస్తుంది. మట్టిలో ఇసక ఎక్కువే కలిపాం, అడుగున చిల్లు మూసుకుపోకుండా చూసుకోండి. పోసే ముందు ఇలా వేలు రెండు కణుపులదాకా గుచ్చి చూడాలండీ. తడి తగిలిందా, ఆ రోజు చుక్క పోయకండి. పూర్తిగా ఎండాక ఒకేసారి బాగా పోసి వదిలెయ్యండి. కుళ్లు పట్టినా మనకి తెలీదండోయ్, కింద మెత్తబడిపోయినా పైన మాత్రం చాలారోజులు పచ్చగానే నవ్వుతూ ఉంటుంది.”

ఆ చివరి మాట ఓబులేసు మనసులో నాటుకుపోయింది. పైకి పచ్చగా నవ్వుతూ లోపల కుళ్లిపోయినవాళ్లు లోకంలో ఎందరున్నారో అతనికి తెలియనిది కాదు. కుండీల పెత్తనం తనదేనన్నాడు. రోజూ సాయంత్రం ఒక్కొక్క కుండీలో వేలు గుచ్చి చూసేవాడు. తడి తగిలితే చెంబు దించి వెళ్లిపోయేవాడు. తన నిగ్రహం చూసి తనకే ముచ్చటేసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తిప్పేస్వామి వచ్చాడు. మడకశిర అవతల ఇంకో మఠంలో ఉండేవాడు. అక్కడ ఒక వెండి దీపపు కుందె మాయమైంది. అది తీసింది ఇతనేనని ఎవరూ చూడలేదు, కాదని ఎవరూ అనలేదు. కుందె దొరకలేదు గానీ ఇతన్ని మాత్రం పొమ్మన్నారు. మనిషికంటే ముందు ఆ కబురు గుట్టకింద మఠానికి చేరింది. అయ్యవారు అతన్ని చూసి “తిన్నావా?” అని మాత్రమే అడిగారు. ఓబులేసు అతనికి మెట్ల పక్కనున్న చిన్నగది చూపించి, అదే రోజు కొట్టుగదికి పాత తాళం తీసేసి పెద్దది వేశాడు.

ఇక చూడాలి ఓబులేసు అవస్థ. తిప్పేస్వామి మెల్లగా మాట్లాడితే ఏదో దాస్తున్నాడని, గట్టిగా మాట్లాడితే దబాయిస్తున్నాడని అనిపించేది. తక్కువ తింటే “ఎవుని మెప్పుకప్పా ఇది?” అనుకునేవాడు. ఎక్కువ తింటే దోచుకుపోతాడనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఒకనాడు భోజనాల దగ్గర ఓబులేసు “మనలోనే ఒక దొంగ ఉండాడంట” అని గాలిలోకి ఒక మాట వదిలి, ఓరగా చూశాడు. తిప్పేస్వామి చటుక్కున భుజం తడుముకున్నాడు! గుమ్మడికాయల దొంగ దొరికాడని ఓబులేసు గుండె ఎగిరింది. తీరా చూస్తే భుజం మీద గండుచీమ. గంగులమ్మ విరగబడి నవ్వింది. ఓబులేసు మాత్రం నవ్వలేదు. ఇన్ని చోట్లుండగా ఆ చీమకు అక్కడే, అప్పుడే ఎందుకు కుట్టబుద్ధయిందా అని ఆ పూటంతా ఆలోచించాడు.

తర్వాత కొన్నాళ్లకు మెట్ల దగ్గరి కుండీలో అడుగు ఆకులు పసుపు తిరిగాయి. అలవాటు ప్రకారం ఓబులేసు వేలు గుచ్చాడు. తడి. నిన్నా తడే, మొన్నా తడే. అప్పుడు మొదటిసారి అతనికి ఒక ఆలోచన తట్టింది. ఈ కుండీల్లో తను నీళ్లు పోసి ఎన్నాళ్లయింది? ఎప్పుడు చూసినా తడిగానే ఉంటే, పోసేదెవరు? కాండం నొక్కి చూశాడు. అడుగున మెత్తగా, పండిన సీతాఫలంలా లోపలికి పోయింది. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి.

మొదట పోయింది మెట్ల దగ్గరిది. ఆ తర్వాత దాని పక్కది. తిప్పేస్వామి గది మెట్ల పక్కనే కదా. అతని గది తలుపు నుంచి వరసగా ఒక్కొక్కటీ పోతున్నాయంటే ఇంకా చెప్పేదేముంది? పైగా తిప్పేస్వామి అప్పుడప్పుడూ ఆ కుండీల దగ్గర నిలబడి ఎండిన ఆకులు తుంచడం ఓబులేసు కళ్లారా చూశాడు. అయ్యవారికి ఇష్టమైనవాటిని చంపి, ఆ నింద పెద్ద శిష్యుడి నెత్తిన పడేసి, తాళాలు కాజేద్దామని వీడి ఎత్తు. అంతా అద్దంలో కనిపించినట్టు కనిపించింది.

గంగులమ్మతో చెబితే ఆమె బియ్యం ఏరుతూ వేరే గోల ఎత్తుకుంది. “నీ కుండీల మాట అట్లుండనీ. యెనక మారేడు ఈ ఏడు ఆకంతా రాల్చేసిందే, చూసినావా? ఎన్నడూ లేంది మోడులాగా నిలబడింది.”

“అదీ వాని పాదమే,” అన్నాడు ఓబులేసు వెంటనే. “వాడు అడుగు పెట్టిన్యాళ నుంచే.”

“పచ్చకామెర్లోడికి అంతా పచ్చగానే కనపడతాదంట. పోయి కండ్లు కడుక్కోపో,” అంది గంగులమ్మ.

ఓబులేసు కళ్లు కడుక్కోలేదు గానీ కాపలా పెట్టాడు. ఒక సాయంత్రం కుండీల చుట్టూ పొయ్యిబూడిద సన్నగా జల్లాడు. తెల్లవారి చూస్తే బూడిద మీద పిల్లి అడుగు కూడా లేదు. ఇంకొకడైతే అక్కడితో ఊరుకునేవాడు. ఓబులేసు కాసేపు గడ్డం గోక్కుని, వీడు గోడెక్కి పొడుగు కాడ చెంబుతో పైనుంచి పోస్తున్నాడని తేల్చుకున్నాడు. అయ్యవారి కంట పడకుండా ఆ బూడిద ఊడ్చేసి, పాదపూజకు వేళయిందని హడావుడిగా లోపలికి పోయాడు.

పాదపూజ ఆ మఠంలో రోజూ జరిగేదే. అయ్యవారు అదంతా ఎందుకన్నా ఓబులేసు ఒప్పుకునేవాడు కాదు. లోపలి చావడిలో ఆయన పాదాలు ఇత్తడి పళ్లెంలో పెట్టించి, నీళ్లతో కడిగి, ఆ పాదోదకం పెద్ద చెంబులోకి వంచుకునేవాడు. మఠంలోవాళ్లకూ వచ్చిన భక్తులకూ ఉద్ధరిణితో తలా కాస్త ఇచ్చేవాడు. మిగిలినదాన్ని కాలు పడని చోట విడవాలి. గురువు పాదాలు తాకిన నీరు ఎవరి కాలికిందా పడకూడదన్నది అక్కడి కట్టడి. ఓబులేసు ఎన్ని తప్పులు చేసినా ఆ కట్టడి తప్పినవాడు కాదు. ఆ పని అయ్యాక చెంబు చింతపండుతో తళతళా తోమి బోర్లించేదాకా అతనికి వేరే ధ్యాస ఉండేది కాదు.

మూడో మొక్కా మెత్తబడిన రోజునే అతను అయ్యవారి ముందు నిలబడి ఆ శాంతం, చేతగానితనం ప్రశ్న అడిగింది. జవాబు రాలేదు. రాకపోగా మర్నాడే కళ్ల ముందు రుజువు కనిపించింది.

పాదపూజ ముగించుకుని ఓబులేసు చెంబు తోమడానికి పెరట్లోకి వస్తున్నాడు. వంటింటి వెనక తిప్పేస్వామి గొంతుక్కూర్చుని, గంగులమ్మ కొడవలితో యుక్కా కాండాన్ని అడ్డంగా కోస్తున్నాడు. పక్కన ఖాళీ కుండీ దొర్లి ఉంది. ఓబులేసు గబుక్కున పోయి అతని రెక్క పట్టుకుని, కొడవలితో సహా వరండాలోకి ఈడ్చుకొచ్చాడు.

“చూడండయ్యా! కోస్తాండాడు. నా కండ్లారా చూసినా. పోసి పోసి చాలక, ఇప్పుడు కొడవలి పట్టినాడు.”

తిప్పేస్వామి ముఖం పాలిపోయింది. “అడుగు కుళ్లిపోయిందన్నా. పైభాగం ఇంకా గట్టిగానే ఉండాది. కుళ్లినంత మేర తీసేసి, ఆరబెట్టి మళ్లా ఇసకలో నాటితే ఆ ముక్కన్నా బతుకుతాదేమోనని.”

“ఎవుర్ని అడిగి కోసినావు?”

“నిన్నడిగితే కొడతావని.”

గంగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అయ్యవారు తిప్పేస్వామి వైపు చూడలేదు. ఓబులేసునే చూస్తూ అడిగారు.

“నువ్వు చూసినప్పుడు నీ చేతిలో ఏముండె?”

ఇక్కడ కూడానా! ఓబులేసు పళ్లు బిగించాడు. “చెంబయ్యా. ఇదో, ఇదే.”

“నిండుదా, ఖాళీదా?”

“ఖాళీదే. తోమేదానికి తీసుకపోతాంటి.”

“ఊఁ,” అన్నారు అయ్యవారు. ఆయన కళ్లు ఆ ఖాళీ చెంబు మీద కాసేపు నిలిచాయి. అక్కణ్ణించి వరండా ముందున్న కుండీల మీదికి పోయి, మళ్లీ చెంబు దగ్గరికి వచ్చాయి. ఓబులేసు వాటినేమీ గమనించలేదు. అతని కళ్లు కొడవలి మీద ఉన్నాయి.

“అయ్యా, ఇంక నా వల్ల కాదు,” అన్నాడు. “ఈ కుండీల్లో దొంగతనంగా నీళ్లు పోసి చంపుతాండేటోడు మఠం గడప దాటిపోవల్ల. మీరు ఒప్పుకోవల్ల.”

“ఎవురైనా సరేనా?”

“ఎవురైనా సరే.”

“పట్టుకో మరి. పట్టుకున్నాక నీ మాట ప్రకారమే కానీ.”

తిప్పేస్వామి కొడవలి కింద పెట్టాడు. “నేను పోయలేదన్నా,” అన్నాడు. “ఈ మఠం కూడా పోతే నాకు పోయే తావు లేదు,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. ఇలాంటి మాట ఇదివరకొకసారి ఎక్కడో అని, వినేవాళ్లు లేక మానుకున్న మనిషిలా అన్నాడు. గంగులమ్మ కళ్లు తుడుచుకుంది. ఓబులేసు మాత్రం అబ్బో, ఏం నటన అనుకున్నాడు.

మర్నాడు అతను మిగతా పనులన్నీ మానేసి, పట్టేసిన మోకాలు చాపుకుని వరండా ఎదురుగా రాతి మీద కూర్చున్నాడు. పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా ఆ కుండీల మీంచి చూపు తిప్పలేదు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. కాకి వాలింది, మేక ఒకటి వచ్చి ఆకు కొరకబోయి మూతి గుచ్చుకుని పారిపోయింది. మనిషన్నవాడు దగ్గరికి రాలేదు. సాయంత్రం లేచి వేలు గుచ్చితే చల్లగా తడి! ఓబులేసుకు ముచ్చెమటలు పట్టాయి. రాత్రి పోయలేదని బూడిద చెప్పింది, పగలు పోయలేదని తన కళ్లే చెబుతున్నాయి. మరి తను చూడని సమయమంటూ ఏదైనా ఉందా?

ఉంది. ఒక్కటే ఉంది. పొద్దున పాదపూజకని లోపలికి పోయిన ఆ కాసేపు.

దాంతో చిక్కుముడి విడిపోయింది. తను అయ్యవారి పాదాల దగ్గర కళ్లు మూసుకుని మైమరచి ఉన్నప్పుడు, సరిగ్గా ఆ వేళ చూసి వీడు పోస్తున్నాడు. భక్తిని అదను చేసుకునే పాపి ఎంత పాపి! ఓబులేసు వెంటనే వెళ్లి అయ్యవారికి విన్నవించుకున్నాడు. “అయ్యా, రేపు పూజ లోపల వద్దు. వరండాలోనే, కుండీల ఎదురుగానే చేస్తా. అందరూ అక్కడే కూర్చోవల్ల. పూజవేళలోనే దొంగ బయట పడతాడు.”

“నిజమే. పూజవేళలోనే పడతాడు,” అన్నారు అయ్యవారు. “నేనూ చూస్తా.”

గురువు మొదటిసారి తన మాటకు విలువిచ్చారని ఓబులేసు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారింది. వరండాలో పీట వేశారు. తిప్పేస్వామి స్నానం చేసి వచ్చి స్తంభం పక్కన కూర్చున్నాడు. అతని పక్కన చిన్న మూట ఉంది. ఏం జరిగినా చివరికి తన పేరే తేలుతుందని అతను ముందే బట్టలు మూటగట్టుకుని వచ్చాడు. ఆ మూట చూసి ఓబులేసుకు కాస్త జాలి వేయకపోలేదు. తప్పు ఒప్పుకున్నట్టే కదా అని కూడా అనిపించి, ఆ జాలి అక్కడితో ఆగింది.

పూజ మొదలైంది. ఓబులేసు అయ్యవారి పాదాలు పళ్లెంలో పెట్టించి కడిగాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. ఒక కన్ను పాదాల మీద, ఒక కన్ను తిప్పేస్వామి మీద. తిప్పేస్వామి కదలలేదు. నీళ్లు చెంబులోకి వంచాడు. అందరికీ ఉద్ధరిణితో ఇచ్చాడు. గంగులమ్మ తీసుకుంది, ఊరి నుంచి వచ్చిన నలుగురు తీసుకున్నారు, తిప్పేస్వామి కూడా చేయి చాచి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. కుండీల దగ్గరికి ఎవరూ పోలేదు. ఓబులేసుకు లోపల గుబులు పుట్టింది. వీడికి సంగతి తెలిసిపోయింది, ఈ రోజు పోయడు, ఈ రోజు దొరకడు. ఇలా అనుకుంటూనే, ఎప్పటిలాగే, మిగిలిన చెంబు తీసుకుని లేచాడు. ముఖం తిప్పేస్వామి వైపే తిప్పుకుని, కాళ్లకు తెలిసిన దారిలో నాలుగడుగులు వేశాడు. చేయి దానంతటదే వంగింది.

“ఓబులేసూ.”

“అయ్యా?”

“నీ చేతిలో ఏముండాది?”

ఓబులేసు కిందికి చూశాడు. కుండీ అంచు మీద చెంబు వంగి ఉంది. సన్నటి ధార యుక్కా మొదట్లో పడి, మట్టిలోకి ఇంకిపోతోంది. అతను ఆ ధారను చూశాడు గానీ, కాసేపటిదాకా అదేమిటో అతనికి అర్థం కాలేదు. పక్కన నలుగురూ లేచి నిలబడ్డారు.

“నీళ్లు కాదయ్యా,” అన్నాడు తడబడుతూ. “నీళ్లు నేను పోయలే. ఒట్టు. ఇది పాదోదకం. కాలు పడని చోట విడవల్ల కదా అని. ముందంతా యెనక మారేడు మొదట్లోనే పోస్తాంటి. మోకాలు పట్టేసినప్పటి నుంచి అంతదూరం పోలేక, ఇవి దగ్గరుండాయి కదా, ఇక్కడ ఎవురూ తొక్కరు కదా అని, మెట్ల దగ్గరిదాంతో మొదులుపెట్టి రోజూ తలా ఇంత...”

“వేరుకు ఆ సంగతి ఎవురు చెప్పల్లప్పా?” అన్నారు అయ్యవారు.

మెట్ల దగ్గరిదే మొదట ఎందుకు పోయిందో, బూడిద ఎందుకు చెదరలేదో, కాపలా కాసిన రోజున కూడా తడి ఎలా వచ్చిందో, వెనకాల మారేడు ఎందుకు మోడైందో, అన్నీ ఒక్కసారిగా ఓబులేసు నెత్తిన పడ్డాయి. రోజూ సాయంత్రం మట్టిలో వేలు గుచ్చి తడి చూసి, ఆ తడికి దొంగను వెతికాడు. పొద్దున పోసేటప్పుడు మాత్రం ఒక్కనాడూ వేలు గుచ్చలేదు. పాదోదకం పోసేచోట వేలు పెట్టి చూడటం అపచారమని అనుకునేవాడు.

అతని చేతిలో చెంబు ఒరిగి నీళ్లు తొణికాయి. ఇంకాస్త ఒరిగితే నేల మీద, అందరూ నడిచేచోట పడేవే. ఇంతలో తిప్పేస్వామి మూట వదిలేసి వచ్చి ఆ చెంబును రెండు చేతులా పట్టుకున్నాడు. “ఇటియ్యన్నా,” అన్నాడు. “మారేడుకు పోసొస్తా.” చెంబు పట్టుకుని, చుక్క జారకుండా, మఠం వెనక్కి నడిచాడు. దెప్పడానికి ఇంతకంటే మంచి సమయం మనిషికి జన్మలో దొరకదు. దాన్ని అతను వాడుకోలేదు. అదే ఓబులేసుకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

ఊరివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెల్లగా వెళ్లిపోయారు. గంగులమ్మ వంటింట్లోకి పోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఆమె మింగేయడం మఠంలో ఎవరైనా చూడటం అదే మొదటిసారి. వరండాలో గురుశిష్యులిద్దరే మిగిలారు.

ఓబులేసు మొలలోని తాళాలు తీసి అయ్యవారి పీట ముందు పెట్టాడు. సాష్టాంగపడి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “గడప దాటిపోవల్లని నేనే అంటినయ్యా. ఎవురైనా సరే అని కూడా అంటి. పోతా.” పోతానన్నాడు గానీ కాళ్లు కదలలేదు. ఈ వయసులో ఎక్కడికి పోవాలో అతనికి తెలియలేదు. మొన్న తిప్పేస్వామి అన్న మాట, పోయే తావు లేదన్న మాట, ఇప్పుడు తన నోటిదాకా వచ్చింది.

అయ్యవారు పొమ్మనలేదు, ఉండమనలేదు. తాళాల వైపు కూడా చూడలేదు. ఎండ మెట్లెక్కి వరండాలోకి వచ్చింది. మెత్తబడిన యుక్కా మాత్రం నెత్తిన ఆకులతో పచ్చగానే నిలబడి ఉంది. వెనక పెరట్లో తిప్పేస్వామి చెంబు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరికి ఓబులేసు ఆగలేక ఏడ్చేశాడు.

“ఏమన్నా అనండయ్యా. తిట్టండి, కొట్టండి. తెలిసీ ఇట్ల ఊరకుండొద్దండయ్యా.”

అయ్యవారు తాళాలు తీసి అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేతిలోనే ఉంచుకున్నారు.

“ఖాళీ చెంబు చూసినప్పటి నుంచి తెలిసే ఊరకుంటినప్పా. శాంతమా, చేతగానితనమా? ఇప్పుడు నువ్వే చెప్పు.”